జబ్బు ఎక్కడిదో చెప్పాల్సింది ఎవరు?

మాజీ సైనికుడికి డిసెబిలిటీ పింఛను ఇవ్వాలని ఏ కోర్టు చెప్పినా మన పత్రికల్లో ఒకటే కథ వస్తుంది. జవాను పోరాడి గెలిచాడు, న్యాయస్థానం కరుణించింది. కొన్నాళ్లకు టీవీలో దానికి విరుగుడు చర్చ నడుస్తుంది. బీపీ, షుగరు చూపించి పింఛన్లు కొట్టేస్తున్నారంటారు. రెండింట్లోనూ చట్టం ఊసు ఉండదు. ఒంటికి ఎంత నష్టం జరిగిందన్న దాని మీద ఈ కేసుల్లో తగువు తక్కువే. ఆ శాతం సైన్యం సొంత మెడికల్ బోర్డే వేస్తుంది. తగువంతా ఆ కాగితంలోనే పక్క గడి మీద. ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందా, ముందే ఉండి సర్వీసులో ముదిరిందా, రెండూ కాదా? 'రెండూ కాదు' అని ఆ గడిలో పడిందంటే బోర్డు వేసిన శాతం నలభై అయినా డిసెబిలిటీ పింఛను పైసా రాదు.

కడప జిల్లా ఖాజీపేట, మైదుకూరు వైపు ఊళ్లలో ఈ తేడా తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. బోర్డు కాదన్నదని, ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో సదరం సర్టిఫికెట్ తెచ్చుకుంటే మిలటరీ పింఛను కదులుతుందనుకుంటారు. కదలదు. సదరం చూసేది ఒంట్లో లోపం ఎంతన్నదే. ఆ సర్టిఫికెట్‌తో వచ్చేది ఎన్టీఆర్ భరోసా కింద రాష్ట్రం ఇచ్చే నెలకు 6,000, అదీ మిగతా అర్హతలుంటేనే. సైన్యం అడిగే ప్రశ్న కారణం గురించి. దానికి ఏ సివిల్ డాక్టరు కాగితమూ పూర్తి జవాబు కాలేదు.

మరి కారణాన్ని రుజువు చేయాల్సింది ఎవరు? మన విశ్లేషకులు దాటేసేది ఈ ప్రశ్ననే. ఈ తగాదాకు మూలం కూడా ఇదే.

1961 నాటి ఆర్మీ పింఛను నిబంధనల్లో 173వది చెప్పేది ఇది: సర్వీసు వల్ల కలిగిన, లేదా సర్వీసు వల్ల తీవ్రమైన వైకల్యంతో ఇంటికి పంపితే, అది 20 శాతమో అంతకు మించో ఉంటే పింఛను ఇవ్వాలి. కారణం తేల్చే పద్ధతి 2008 దాకా 1982 అర్హత నియమాల్లో ఉండేది. చేరేనాటి రికార్డులో రాసిన లోపాలు మినహా ఆ మనిషి పూర్తి ఆరోగ్యవంతుడని అనుకోవాలంటుంది అయిదో నియమం. తొమ్మిదోది ఇంకా స్పష్టం: అర్హత రుజువు చేసుకోమని దరఖాస్తుదారుణ్ని అడగకూడదు, సహేతుకమైన అనుమానం ఏదున్నా అతనికే మేలు జరగాలి. చేరినప్పుడు నమోదు కాని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసులో పుట్టినట్టే మామూలుగా భావించాలని పద్నాలుగో నియమంలోని 'బి' భాగం. చేరినప్పుడు దాన్ని కనిపెట్టడం సాధ్యమయ్యేది కాదని బోర్డు అంటే, అలా ఎందుకు అంటున్నదో కారణాలు రాయాలి.

ఇందులో మన ప్రభుత్వం కొత్తగా చూపిన దయ ఏమీ లేదు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1943లో, గాయపడ్డ సైనికుల మీద రుజువు భారం మోపుతున్నారని బ్రిటన్‌లో గొడవ పెద్దదైంది. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన రాజశాసనం ఆ భారాన్ని సైనికుడి మీంచి తీసేసింది. దాని మీద వచ్చిన అప్పీళ్లలోనే జస్టిస్ డెన్నింగ్ 1947లో, మిల్లర్ అనే సైనికుడి అన్నవాహిక క్యాన్సర్ కేసులో, సహేతుకమైన అనుమానం అంటే ఏమిటో వివరించాడు. మన దేశంలో క్రిమినల్ లాయర్లు నేటికీ వల్లెవేసే ఆ వివరణ పుట్టింది హత్య కేసులో కాదు, సైనికుడి పింఛను తగాదాలో. మన తొమ్మిదో నియమం చదివితే ఆ ఒరవడే కనిపిస్తుంది. అమెరికా వాళ్లు ఇంకో అడుగు వేశారు. వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ విషయంలో 1991లో, సైనిక శిబిరాల్లో చెత్త తగలబెట్టిన పొగ విషయంలో 2022లో, ఫలానా చోట పనిచేసినవాడికి ఫలానా జబ్బు వస్తే కారణం సర్వీసేనని చట్టంలోనే రాసేశారు.

మన దగ్గర నియమం ఉన్నా కోర్టులు చాలాకాలం దాన్ని పక్కన పెట్టాయి. 2005లో బాలచంద్రన్ నాయర్, 2007లో కేశర్ సింగ్, 2009లో దామోదరన్ కేసుల్లో సుప్రీంకోర్టు మెడికల్ బోర్డు మాటకే పెద్దపీట వేసింది. మలుపు 2013 జులై 2న, ధరమ్‌వీర్ సింగ్ తీర్పుతో. ఆయన 1985లో సిగ్నల్స్ దళంలో సిపాయిగా చేరాడు. తొమ్మిదేళ్ల తర్వాత, 1994లో, మూర్ఛవ్యాధి ఉందని ఇంటికి పంపారు. వైకల్యం 20 శాతమని వేసిన బోర్డే సర్వీసుకు సంబంధం లేదని రాసింది. ఎందుకు లేదో రాయలేదు. సుప్రీంకోర్టు ఆ మూడు నియమాల్నీ కలిపి చదివి, కారణం రాయని అభిప్రాయానికి విలువ లేదని తేల్చింది. 2015లో రాజ్‌బీర్ సింగ్ తీర్పు దాన్ని గట్టిపరిచింది. 2025 మే 7న రాజుమోన్ కేసులో, స్కిజోఫ్రీనియాతో బయటికి పంపిన మనిషి విషయంలోనూ అదే మాట.

దీనికి ఎదురుగా 2019 నాటి నర్సింగ్ యాదవ్ తీర్పును ప్రభుత్వ న్యాయవాదులు చూపిస్తారు. మానసిక రోగాలు చేరేనాడు బయటపడవు కాబట్టి అనుకూల భావన దానంతటదే వర్తించదని అందులో ఉన్న మాట నిజమే. అయితే అలా పట్టుబడదని చెప్పే బోర్డు కారణాలు రాయాలన్న షరతు పద్నాలుగో నియమంలోనే ఉంది. ఆ షరతు నెరవేరని కేసుకు నర్సింగ్ యాదవ్ తీర్పు అతకదని నా వాదన.

ఆర్మీ ర్యాలీకి వెళ్లిన కుర్రాళ్లను అడగండి. కడప పిల్లలు గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వస్తారు. మోకాళ్లు తగులుతున్నాయని, పాదం చదునుగా ఉందని, చెవిలో గులిమి ఉందని వెనక్కి పంపుతారు. పరుగులో గెలిచినవాడు కూడా మెడికల్‌లో పోతాడు. అంత వడపోసి తీసుకున్న మనిషికి పదేళ్ల తర్వాత మూర్ఛ వస్తే, అది పుట్టుకతో వచ్చిందని ఒక్క ముక్క రాసి పంపడం ఏ తర్కం?

డబ్బు లెక్క పెద్ద చిక్కేం కాదు. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం, తక్కువైతే ఆ నిష్పత్తిలో. యాభై లోపు వైకల్యాన్ని యాభైగా, 50 నుంచి 75 దాకా డెబ్బై అయిదుగా, ఆపైన వందగా లెక్కగట్టే పద్ధతి 1996 నుంచి ఉంది. చివరి జీతం 40,000 అనుకుంటే, 20 శాతం వైకల్యం యాభై అయి నెలకు 6,000 వస్తుంది, దాని మీద కరువు భత్యం వేరు. యుద్ధ గాయమైతే ఆ 30 శాతం కంటే ఎక్కువే వస్తుంది. కేంద్ర ఖజానాకు ఇవి చిల్లర. మెట్ట సేద్యం మీద బతికే జమ్మలమడుగు, పులివెందుల ఊళ్లలో ఆ ఆరు వేలు వానతో పనిలేకుండా నెలనెలా వచ్చే ఒకే ఒక్క రాబడి కావచ్చు.

ఆ గడిలో మాట తిప్పించాలంటే తిరగాల్సిన దారి చూడండి. బోర్డు కాదన్నాక మొదటి అప్పీలు రికార్డు ఆఫీసు ద్వారా వెళ్లాలి. మద్రాస్ రెజిమెంట్ వాడికి అది వెల్లింగ్టన్‌లో, మద్రాస్ శాపర్‌కు బెంగళూరులో, ఆర్టిలరీ వాడికి నాసిక్‌లో. ఆ తర్వాత రెండో అప్పీలు. అదీ పోతే సాయుధ దళాల ట్రైబ్యునల్. 2007 చట్టంతో వచ్చిన ఈ ట్రైబ్యునల్‌కు ఆంధ్రప్రదేశ్‌లో బెంచి లేదు, మనం చెన్నై బెంచి కిందికి వస్తాం. కడపలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దరఖాస్తు పెట్టించగలదు, పైకి పంపగలదు. బోర్డు రాసిన మాటను మార్చే అధికారం దానికి లేదు. అక్కడి గుమాస్తాల మీద కోప్పడి లాభం లేదు.

ఈ తిరుగుడులో కాలం ఎవరి పక్షాన ఉందో చూస్తే అసలు అన్యాయం తెలుస్తుంది. 1983లో జబ్బుతో ఇంటికొచ్చిన తర్సేమ్ సింగ్ 1999లో హైకోర్టుకు వెళ్లాడు. పింఛను నెలనెలా పుట్టే హక్కు కాబట్టి ఆలస్యమైనా అడగొచ్చని సుప్రీంకోర్టు 2008లో ఒప్పుకుంది. బకాయిలు మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్ల లోపుకే పరిమితమంది. అంటే హక్కు ఉందని తెలియక గడిపిన ఏళ్ల డబ్బు సర్కారుకే మిగులుతుంది. తప్పుగా కాదన్నందుకు జరిమానా లేదు సరికదా, పొదుపు. పైగా పింఛను లేనివాళ్ల సర్వీసు దస్తావేజుల్ని 25 ఏళ్లకు తీసేసే పద్ధతి ఒకటుంది. పింఛను ఇవ్వరు, ఇవ్వలేదు కాబట్టి కాగితాలు ఉంచరు, కాగితాలు లేవు కాబట్టి రుజువు లేదంటారు.

సెలవులో తగిలిన దెబ్బల గురించి ఒక్క మాట. ఊరికొచ్చిన జవాను బండి మీద పడితే పింఛను వస్తుందని కొందరు, రాదని కొందరు రాస్తుంటారు. రెండూ సగం నిజాలే. సెలవు మీద ఇంటికి ప్రయాణిస్తూ రైలు దగ్గర చెయ్యి పోగొట్టుకున్న మదన్ సింగ్ షెఖావత్‌కు సుప్రీంకోర్టు 1999లో ఇప్పించింది. వార్షిక సెలవులో స్కూటర్ ప్రమాదానికి గురైన జుఝార్ సింగ్‌కు 2011లో కాదంది. సర్వీసుతో ఆ దెబ్బకు ముడి ఉందా అన్నదే కొలత.

ఇక డిసెబిలిటీ పింఛన్ల మీద కాగ్ నివేదిక. 2023లో బయటికొచ్చిన ఆ లెక్కల ప్రకారం 2015-16 నుంచి 2019-20 దాకా ఏటా రిటైరైన అధికారుల్లో 36 నుంచి 40 శాతం మందికి డిసెబిలిటీ పింఛను మంజూరైంది. సిపాయిల నుంచి జేసీవోల దాకా చూస్తే అది 15 నుంచి 18 శాతమే. ఈ రెండో అంకె మన చర్చల్లో వినపడలేదు. అధికారులకు బీపీ, షుగరు పేరుతో ఎక్కువ మంజూరవుతుంటే ఆ బోర్డుల్ని తనిఖీ చేయాలి. జరిగింది వేరు. 2023 సెప్టెంబరు 21 నుంచి అందరికీ కలిపి కొత్త నియమాలు వచ్చాయి. సర్వీసు పూర్తిచేసుకున్న వాళ్లకు ఇచ్చేదాన్ని 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అన్నారు, జీవనశైలి జబ్బులకు కొలతలు బిగించారు. ఎక్కువ పొందినది పైవాళ్లయితే, బిగింపు సిపాయి మీద కూడా పడింది.

నిజానికి జారుడు అంతకుముందే మొదలైంది. 2008 నుంచి వర్తించిన అర్హత నియమాల్లో ఏడోది, దరఖాస్తుదారుణ్ని మామూలుగా రుజువు అడగకూడదని చెబుతూనే, బయటికొచ్చిన 15 ఏళ్ల తర్వాత అడిగితే మాత్రం భారం అతనిదేనంది. సర్వీసులో జబ్బు బయటపడినంత మాత్రాన సర్వీసే కారణం కాదన్న ధోరణి కూడా అప్పుడే కాగితమెక్కింది. 1943లో ఎత్తేసిన బరువును మెల్లగా, సవరణ తర్వాత సవరణతో, మళ్లీ సైనికుడి భుజం మీదికే తెస్తున్నారు. పార్లమెంటులో చర్చించి చేసిన మార్పులు కావివి. శాఖ ఇచ్చిన ఉత్తర్వులు.

కోర్టుల్లో ప్రభుత్వం తీరూ అంతే. మనోహర్ పారికర్ రక్షణ మంత్రిగా ఉండగా 2015లో వేసిన నిపుణుల సంఘం, సైనికుల మీద ఇలాంటి అప్పీళ్లు తగ్గించుకోమని చెప్పింది. పదేళ్ల తర్వాత కూడా ట్రైబ్యునళ్లు మంజూరు చేసిన పింఛన్ల మీద కేంద్రం వేసిన పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు గుత్తగా కొట్టేయాల్సి వచ్చింది. 1989లో సైన్యం బయటికి పంపిన, సియాచిన్‌లో పనిచేసిన బిజేందర్ సింగ్‌కు న్యాయం జరిగింది 2025 ఏప్రిల్ 22న.

ఇప్పుడు అగ్నివీరులు. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్థాన్ కాల్పుల్లో చనిపోయిన మురళీ నాయక్‌ది పక్కనున్న శ్రీ సత్యసాయి జిల్లా, గోరంట్ల మండలం కల్లితండా. ఆ కుటుంబానికి రాష్ట్రం 50 లక్షలు, అయిదెకరాల భూమి ప్రకటించింది. శత్రువు తూటా తగిలి పోయిన మనిషి విషయంలో కారణం గురించి ఎవరూ తగువాడరు. వెన్ను దెబ్బతిని, చెవులు పోయి, మనసు చెదిరి తిరిగొచ్చే అగ్నివీరుడి సంగతి అది కాదు. అతనికి నెలవారీ పింఛను లేదు. నూరు శాతం వైకల్యానికి 44 లక్షలు, 75కు 25 లక్షలు, 50కి 15 లక్షలు ఒకేసారి ఇస్తారు. మన పత్రికలు ఈ అంకెల్ని పెద్దక్షరాల్లో వేశాయి. ఆ డబ్బుకూ అదే గడి దాటాలని, 'సర్వీసు వల్ల' అని బోర్డు రాస్తేనే వస్తుందని చాలామంది రాయలేదు.

2022 డిసెంబరు చివర, 2023 జనవరిలో శిక్షణలో చేరిన మొదటి బ్యాచ్‌కు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. నాలుగింట మూడొంతుల మంది ఇళ్లకు వస్తారు. సైనిక పింఛను నిబంధనలు తమకు వర్తించవని ఒప్పుకుని చేరినవాళ్లు కాబట్టి ధరమ్‌వీర్ తీర్పు తమకూ వర్తిస్తుందని మళ్లీ మొదటి నుంచి వాదించుకోవాలి. వర్తించాలనే నేనంటాను. రుజువు భారం పింఛను నిబంధనలకు పుట్టిన సంగతి కాదు. ఒక మనిషిని పరీక్షించి ఆరోగ్యవంతుడని తీసుకుని, అతని మెడికల్ కాగితాలన్నీ తన బీరువాలో పెట్టుకున్న యజమానికీ, చేతిలో డిశ్చార్జి కాగితం తప్ప ఏమీ లేని మనిషికీ మధ్య వచ్చే తగాదా ఇది. రికార్డు ఎవరి దగ్గరుందో వాళ్లే చెప్పాలి. 'రెండూ కాదు' అని రాసిన బోర్డు, ఎందుకు కాదో అదే రోజు రాసి, నకలు ఆ కుర్రాడి చేతికివ్వాలి. రాయని చోట జబ్బు సర్వీసులో వచ్చినట్టే లెక్కగట్టి, అతణ్ని చెన్నై దాకా తిప్పకుండా డబ్బు విడుదల చేయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. 1982 నాటి తొమ్మిదో నియమాన్ని అగ్నివీరులకూ వర్తింపజేస్తూ రక్షణ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.