పేదవాడి లైకా అట!

పాత ఫిల్ము కెమెరా ఒకటి కొనుక్కుందామని సరదా పడ్డ ప్రతివాడి చెవిలోనూ మొదట ఊదే మంత్రం ఒకటే: "ఎఫ్/1.7 లెన్సు ఉన్నది చూసుకో". ఆ వెంటనే రెండు పేర్లు వినిపిస్తాయి. యాషికా ఎలక్ట్రో 35, కెనొనెట్ క్యూఎల్17 జి-3. వీటికి "పేదవాడి లైకా" అని బిరుదు కూడానూ! పేదవాడి పేరు చెప్పి రేట్లు ఎక్కడికి తీసుకెళ్ళారో అమ్మకానికి పెట్టినవాళ్ళని అడగండి, తెలుస్తుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్క ముక్క. రోజూ సంచిలో వేసుకు తిరిగే కెమెరాకి "లెన్సు ఎంత పెద్దగా తెరుచుకుంటుంది" అన్నది ఆఖరి ప్రశ్న. "బ్యాటరీ లేకపోయినా షట్టరు అన్ని స్పీడుల్లోనూ పనిచేస్తుందా?" అన్నది మొదటి ప్రశ్న.

కొత్తవాళ్ళ కోసం కాస్త వివరం. ఈ రేంజ్‌ఫైండర్లలో వ్యూఫైండరు మధ్యన ఒక చిన్న మచ్చ ఉంటుంది. అందులో కనిపించే రెండు బొమ్మలూ ఒకదానిమీద ఒకటి కూర్చునేదాకా రింగు తిప్పితే ఫోకస్ కుదిరినట్టు. లెన్సు ఊడదు, మార్చలేం. షట్టరు ఆ లెన్సులోనే ఉంటుంది కాబట్టి టిక్కుమని చిన్న చప్పుడు, అంతే. ఫ్లాష్ ఏ స్పీడులోనైనా కుదురుతుంది. వీధిలో, ఇంట్లో, పెళ్ళిలో ఎవరినీ ఉలిక్కిపడేలా చెయ్యకుండా ఫొటో తీయడానికి ఇంతకంటే మంచి వస్తువు లేదు. అందులో నాకు పేచీ లేదు.

పేచీ ఎంపిక దగ్గరే. ఎలక్ట్రో 35 మొదట వచ్చింది 1966లో. 45 మి.మీ. లెన్సు అద్భుతం, ఒప్పుకుంటాను. రాత్రిపూట 30 సెకన్లదాకా ఎక్స్‌పోజరు తనే లెక్కేసుకుంటుంది, అదీ ఒప్పుకుంటాను. కానీ స్పీడు ఎంచుకునే హక్కు మీకు లేదు. ఎంత స్పీడు ఎంచుకుందో అది మీకు చెప్పదు కూడా. వెలుగు ఎక్కువైతే ఎర్ర దీపం, స్పీడు తగ్గితే పసుపు దీపం, ఇంతే సంభాషణ. బ్యాటరీ అయిపోయిందా, ఇక ఉన్నది 1/500 ఒక్కటే. లోపల ఒక చిన్న ప్యాడ్ ఏళ్ళ తరబడి అరిగి పొడైపోతే ఎక్స్‌పోజర్లన్నీ గోవిందా. మన భాషలో చెప్పాలంటే, ఒక్క సర్వీసు పడిపోతే మొత్తం సిస్టమే పడిపోయే డిజైను. ఆఫీసులో ఇలాంటిది ఎవరైనా రాస్తే రివ్యూలో ఏకిపారేస్తాం. కెమెరా దగ్గరకొచ్చేసరికి మాత్రం "ఆహా, వింటేజ్" అంటాం!

ఇక ఎఫ్/1.7 మోజు. ఈ కెమెరాలు గీసిన రోజుల్లో 400 స్పీడు కలర్ నెగెటివ్ ఫిల్ము లేదు. ఫ్యూజీ వాళ్ళు దాన్ని తెచ్చింది 1976లో. 100 స్పీడు ఫిల్ముతో ఇంట్లో ఫొటో తీయాలంటే పెద్ద లెన్సు తప్పనిసరి. ఇప్పుడు లెక్క చూడండి. ఎఫ్/2.8 కంటే ఎఫ్/1.7 సుమారు 2.7 రెట్లు వెలుగు ఎక్కువ లోపలికి రానిస్తుంది. 100 ఫిల్ము బదులు 400 ఫిల్ము వేస్తే 4 రెట్లు లాభం. అంటే డబ్బులు పోసి కొంటున్న ఆ తేడాని ఫిల్ము డబ్బా ఎప్పుడో తీర్చేసింది. పైగా ఎఫ్/1.7 దగ్గర ఫోకస్ లోతు వేళ్ళతో కొలిచేంత. యాభయ్యేళ్ళ రేంజ్‌ఫైండరు కొంచెం పక్కకి జరిగి ఉంటే ముక్కు స్పష్టం, కళ్ళు మసక.

మరి ఏది కొనాలి? నా ఓటు ఒలింపస్ 35 ఆర్‌సీకి. 1970 నాటిది, 42 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు, బరువు సుమారు 410 గ్రాములు. ఎలక్ట్రో జీఎస్‌ఎన్ దాదాపు 750! 1/15 నుంచి 1/500 దాకా అన్ని స్పీడులూ బ్యాటరీ లేకుండా పనిచేస్తాయి. లోపాలు లేవా? ఉన్నాయి. 1/15 కంటే నెమ్మది స్పీడులు లేవు. మాన్యువల్‌లో మీటరు పనిచెయ్యదు. దాని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు దొరకవు, 1.5 వోల్టులవి వేస్తే మీటరు లెక్క తప్పుతుంది. అయితే ఏం? ఫోన్లో లైట్ మీటరు యాప్ ఉంది. అదీ లేకపోతే మిట్టమధ్యాహ్నం ఎండలో 400 ఫిల్ముకి 1/500, ఎఫ్/16 అని గుర్తుంటే చాలు. మీటరు పోతే కెమెరా గుడ్డిదవుతుంది, చచ్చిపోదు. తేడా అదీ!

న్యాయంగా చెప్పాలంటే కెనొనెట్, మినోల్టా హై-మాటిక్ 7ఎస్ కూడా ఈ పరీక్ష పాసవుతాయి. మంచి స్థితిలో, మంచి రేటుకి దొరికితే నిక్షేపంలా తీసుకోండి. పేరుకి మాత్రం డబ్బు కట్టొద్దు. వెనక మూత తీసి నెమ్మది స్పీడుల్లో షట్టరు రేకులు అంటుకుంటున్నాయేమో చూడండి. దూరంగా ఉన్న సెల్ టవర్ మీద రెండు బొమ్మలూ కలుస్తున్నాయా? బ్యాటరీ అరలో పచ్చని చిలుము ఉందా? లెన్సులోకి టార్చి వేసి బూజు దారాలు వెతకండి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఇది మరీ ముఖ్యం. "టెస్ట్ చెయ్యలేదు" అని రాసి ఉంటే, చేశాడు, పనిచెయ్యలేదు అనే అర్థం చేసుకోండి.

ఇంత గొడవ ఎందుకంటారా? డిజిటల్‌లో ఫొటో పాడైతే అక్కడే తెలుస్తుంది, మళ్ళీ తీస్తాం. ఫిల్ములో 36 ఫొటోలూ పోయాయని తెలిసేది ల్యాబు నుంచి వచ్చాకే. అప్పటికి పెళ్ళి అయిపోయి ఉంటుంది, తాతగారు ఊరెళ్ళిపోయి ఉంటారు. యాభయ్యేళ్ళ సర్క్యూటుకి స్పేర్లు దొరకవు, దాన్ని బాగుచేసే చేతులూ తగ్గిపోతున్నాయి. అదే మెకానికల్ షట్టరైతే తెలిసినవాడు విప్పి, జిడ్డు తుడిచి మళ్ళీ నడిపిస్తాడు.

లైకా కొనలేనివాడికి కావలసింది లైకా నకలు కాదండీ. నొక్కినప్పుడు పలికే కెమెరా.