పరుపు ఎవరి నడుముకి?

"నడుం నొప్పా? పరుపు తీసేసి నేలమీద చాప వేసుకో, వారంలో పోతుంది!"

ఈ సలహా ఇవ్వని చుట్టం నాకింతవరకూ తారసపడలేదు. ఇచ్చినవాళ్లంతా రాత్రి తొమ్మిదికల్లా గుర్రు పెట్టేవాళ్లే! నొప్పితో తెల్లవార్లూ గడియారం గంటలు లెక్కపెట్టే నాకు ఒళ్లు మండదూ మరి?

అసలు గట్టిదే మంచిదన్నది ఉత్తమాట. దీర్ఘకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందికి స్పెయిన్ వైద్యులు కొందరికి గట్టి పరుపూ, కొందరికి ఓ మోస్తరు గట్టిదీ ఇచ్చి 90 రోజులు చూశారు. ఆ ఫలితం 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎక్కువ సుఖపడింది రెండోవాళ్లే!

ఇక దుకాణంలో మన సంబడం చూడండి. శ్రీవారు పరుపుని పిడికిలితో గుద్ది "బాగుంది" అంటారు. మనం అంచుమీద ఒద్దికగా కూర్చుని తలూపుతాం. పదిమందిలో పడుకోవడమే, అమ్మో! పావుకిలో వంకాయల్ని పుచ్చుందేమోనని తిప్పి తిప్పి ఏరేవాళ్లం, ఏళ్ల తరబడి పడుకోవలసిన పరుపుని ఒక్కసారైనా పడుకోకుండా కొనేస్తాం.

"ఆర్థోపెడిక్" అని చీటీ అంటించినంతమాత్రాన పరుపు డాక్టరైపోదు. మన నడుం సంగతి మన నడుమే చెప్పాలి. ఈసారి చెప్పులు విడిచి, పక్కకి తిరిగి పది నిమిషాలు పడుకుని చూడండి. నవ్వేవాళ్లని నవ్వనివ్వండి. అర్ధరాత్రి మేలుకుని ఉండేది వాళ్లు కాదుగా!