బొమ్మ నేర్పితే సరే... మరి పాట?

హోమ్‌స్కూలింగ్ అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘‘మరి లెక్కలు, సైన్స్ ఎవరు చెప్తారు?’’ బొమ్మలు, పాటల సంగతి ఎవరూ అడగరు. టైముంటే యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటారులే అనుకుంటాం.

కానీ బొమ్మనీ పాటనీ కలిపి ఇంట్లోనే నేర్పిన ఊరు మన దగ్గరే ఉంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట. అప్పట్లో అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. తోలుబొమ్మల ఊరు. ఇక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

మేక తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఆరబెట్టాలి. వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా రావాలి. తర్వాత గీత, చిల్లులు, రంగులు. ఇవన్నీ పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకునేవే.

బొమ్మ తయారైతే సగం పాఠమే అయినట్టు. తెర వెనక దాన్ని ఆడించేవాళ్లే పద్యం పాడాలి, మాటలూ చెప్పాలి. రాముడికో గొంతు, రావణుడికో గొంతు. తోడుగా హార్మోనియం, మద్దెల, తాళాలు. వాన మొహం చాటేసిన ఏడు విరాటపర్వం ఆడిస్తే చినుకు పడుతుందని పాతకాలపు నమ్మకం. కరువు సీమలో ఆ పాట కోసం ఊరు ఊరంతా ఎదురుచూసేది.

సినిమా, టీవీ వచ్చాక ఆటలు తగ్గిపోయాయి. ఇప్పుడు తోలు ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలే ఇల్లు గడుపుతున్నాయి. అందులో తప్పేం లేదు. కాకపోతే ల్యాంప్‌షేడ్‌కి పద్యం అక్కర్లేదు కదా! చేతికి పని దొరికింది, గొంతుకి దొరకలేదు.

మన ఇళ్లలోనూ అంతే. డ్రాయింగ్‌కి ఒక యాప్, సంగీతానికి ఇంకో క్లాసు. రెండూ ఎక్కడా కలవవు. ‘మార్కులకి పనికిరావు’ అనడానికీ లేదు. ఎన్ఐఓఎస్ ఓపెన్ స్కూల్ పదో తరగతిలో పెయింటింగ్, కర్ణాటక సంగీతం సబ్జెక్టులుగానే ఉన్నాయి.

ఈ ఆదివారం ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే ఇలా చేసి చూడండి. పాత అట్టపెట్టె, కత్తెర, ఒక తెల్ల దుప్పటి, మీ ఫోన్ టార్చ్. కథ అవ్వని అడగండి. బొమ్మ కత్తిరించినవాళ్లే దానికి పాట కట్టాలి, పాడాలి. బొమ్మను టార్చ్ దగ్గరికి జరిపితే నీడ ఎందుకు పెద్దదవుతుందో వాళ్లే అడుగుతారు. ఇదిగో, సైన్స్ కూడా వచ్చేసింది!

ధర్మవరం వైపు వెళ్తే నిమ్మలకుంటలో ఆగండి. ఒక ల్యాంప్‌షేడ్ కొనండి. ‘‘ఒక పద్యం కూడా పాడతారా?’’ అని అడగండి. పాడితే దానికీ డబ్బులివ్వండి. పాటకీ గిట్టుబాటు ఉందని తెలిస్తేనే కదా, రేపు పిల్లలు దాన్నీ నేర్చుకునేది!