మూడు రోజుల ముసురుకి ఎంత బ్యాటరీ కావాలి?

మీ గూడేనికి సోలార్ వచ్చిందా? కప్పు మీద పలక ఎంత పెద్దదో తర్వాత చూద్దురుగానీ, ముందు మూలన పెట్టిన బ్యాటరీ మీద ఏం రాసుందో చదవండి.

లైను వెయ్యలేని చోట ఆదిమ గిరిజన తెగల ఇళ్లకు సోలార్ ఇస్తామని 2023లో మొదలైన పీఎం జన్‌మన్ చెప్పింది. ఇంటికి 50 వేల రూపాయల దాకా. చెంచులు, కొండరెడ్లు, కొలాములు అందరూ ఇందులోకి వచ్చేవాళ్లే. కానీ బ్యాటరీ ఎంత ఉండాలో మనల్ని ఎవరడిగారు?

లెక్క మనమే వేసుకోవచ్చు, ఇంజినీరు అక్కర్లేదు. 9 వాట్ల బల్బులు మూడు, ఐదు గంటలు వెలిగితే 135 వాట్‌అవర్లు. 25 వాట్ల చిన్న ఫ్యాను ఆరు గంటలకి 150. ఫోన్లకి ఓ 25. రోజుకి 310. మన కొండల్లో ముసురు పట్టిందంటే మూడు రోజులు ఎండ మొహం కనిపించదు కదా, అంటే 930 నిల్వ ఉండాలి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడితే తొందరగా పాడవుతుంది. కాబట్టి 12 వోల్టుల్లో 155 ఏహెచ్ కావాలి. లిథియం అయితే 80 శాతం వాడొచ్చు, 100 ఏహెచ్ చాలు.

అదే 40 ఏహెచ్ లెడ్ యాసిడ్ పెట్టిపోతే? వాడుకోదగ్గది 240. ఒక్క రాత్రికే చాలదు. ముసురులో ఫ్యాను ఎవరికి కావాలి అంటారా, సరే, ఆపేయండి. అయినా రెండో రాత్రి నడిమికే బల్బు ఆరిపోతుంది. పాములు తిరిగేదీ ఆ రాత్రుల్లోనే, ఆశా అక్కకి ఫోన్ చెయ్యాల్సొచ్చేదీ అప్పుడే.

బ్యాటరీ ఒక్కటే పెద్దదైతే సరిపోదు, పలకా సరిపడా ఉండాలి. నాలుగు గంటల ఎండకి, దారిలో పోయేది పోగా, 100 వాట్ల పలక 280 దాకా ఇస్తుంది. రోజు ఖర్చుకే తక్కువ. 300 వాట్లదైతే 840 ఇస్తుంది, ముసురు తీసిన రెండు రోజుల్లో బ్యాటరీ నిండుతుంది.

రోజూ అడుగంటా వాడిన బ్యాటరీ ఏడాదో రెండేళ్లో లాగి చచ్చిపోతుంది. కాగితం మీద మాత్రం ఆ ఇల్లు కరెంటున్న ఇల్లే. ఇక స్తంభాల కోసం అడిగితే "మీకు సోలార్ ఇచ్చాం కదా" అనే మాట సిద్ధంగా ఉంటుంది.

అందుకే వేలిముద్ర వేసే ముందే అడగండి: ఎన్ని ఏహెచ్, ఏ రకం, వారంటీ ఎన్నేళ్లు, పాడైతే మార్చేది ఎవరు? లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అభివృద్ధి పథకాలకి గ్రామసభ ఆమోదం ఉండాలని 1996 నాటి పెసా చట్టమే చెబుతోంది. ఈసారి సభలో ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు రాయించుకోండి.