ఒంట్లో వేసిన ప్లేటు ఏ లోహమో కాగితం మీద తీసుకోండి

ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో కాకినాడ వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఉప్పాడ వైపు ఇళ్ల గేట్లకు రంగు వేయడం కాస్త ఆలస్యమైతే తుప్పు పెచ్చులుగా రాలిపోతుంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతమైతే మన రక్తంలో 0.9 శాతం ఉంటుంది. విరిగిన ఎముకకు వేసిన ప్లేటు రాత్రనకా పగలనకా, 37 డిగ్రీల వేడిలో, ఆ ఉప్పులోనే నానుతూ మన బరువు మోయాలి. అంత పని చేయాల్సిన లోహం ఏమిటో, ఎవరు తయారు చేశారో తెలియకుండానే ఎంతోమంది డిశ్చార్జి అయి ఇంటికొచ్చేస్తున్నారు. ఇది చాలా ప్రమాదం.

ఏడీబీ రోడ్డు మీద బండి పడి తొడ ఎముక విరిగిన మనిషిని ఆస్పత్రిలో చేర్చాక, బంధువులకు ఖర్చెంత అనే మాట తప్ప మరొకటి అడగాలని తోచదు. టైటానియమైతే మంచిదని ఎవరో అంటే అప్పు చేసి మరీ తెస్తారు. నిజానికి చాలా విరుపులకు స్టీలు ప్లేటు చక్కగా సరిపోతుంది. ఏది వేయాలో విరుపును బట్టి ఎముకల డాక్టరు చెప్పాలి. మనం చూసుకోవాల్సింది అది అసలుదో కాదో.

ఎముకకు వాడే స్టీలు 316ఎల్ రకం. అందులోని క్రోమియం కంటికి కనిపించని పొర కట్టి తుప్పును ఆపుతుంది. 2 నుంచి 3 శాతం ఉండే మాలిబ్డినం, ఉప్పు వల్ల లోహానికి గుంటలు పడకుండా కాస్తుంది. వంటింటి గిన్నెల్లో ఎక్కువగా వాడే 304 రకంలో మాలిబ్డినం ఉండదు, కానీ మెరుపు మాత్రం ఒకటే. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని కొందరు నమ్ముతారు. 304 కూడా దాదాపు అంటుకోదు కాబట్టి ఆ పరీక్ష ఎందుకూ పనికిరాదు. స్టీలుకు తుప్పు పట్టడం ఎక్కువగా మొదలయ్యేది స్క్రూ తలకూ ప్లేటు రంధ్రానికీ మధ్య సందులో. అది ఎక్స్‌రేలో కనిపించదు. టైటానియం ప్లేటుకు స్టీలు స్క్రూలు బిగిస్తే స్టీలును తుప్పు ఇంకా త్వరగా తినేసే ప్రమాదం ఉంది. రెండూ కలపకూడదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. జాన్సన్ అండ్ జాన్సన్ వారి డిప్యూ సంస్థ తన ఏఎస్ఆర్ తుంటి కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. లోహం మీద లోహం రాసుకుని కోబాల్ట్, క్రోమియం రక్తంలోకి చేరడమే అసలు గొడవ. మన దేశంలో సుమారు 4,700 మందికి ఈ శస్త్రచికిత్స జరిగితే, వాళ్లలో దాదాపు 3,600 మంది ఆచూకీ దొరకలేదు. 2018లో కేంద్రం రూ.1.23 కోట్ల వరకు పరిహారం ఖరారు చేసింది. తన ఒంట్లో ఉన్నది ఆ కీలేనని తెలియని మనిషి ఆ పరిహారాన్ని ఎలా అడుగుతాడు?

అందుకే ఆపరేషనుకు ముందే అడగండి. ప్యాకెట్ మీది స్టిక్కరును కేస్‌షీటులో అంటించమనండి. లోహం, కంపెనీ, లాట్ నంబరు డిశ్చార్జి కాగితంలో రాయించుకుని ఫోనులో ఫొటో తీసుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉచితంగా చేయించుకున్నా అడిగే హక్కు మీదే. 'ఇంప్లాంటు' అని ఒక్క మాట రాసిన బిల్లు తీసుకోకండి. గిల్టు నగలకు దద్దుర్లు వచ్చేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి, ఎందుకంటే ఆ దద్దుర్లకు తరచూ కారణమయ్యే నికెల్ ఎముకకు వాడే స్టీలులో 13 నుంచి 15 శాతం ఉంటుంది.

ఎముక అతకక ముందే బరువు మోపితే ఎంత మంచి లోహమైనా అలిసి విరుగుతుంది. డాక్టరు చెప్పేదాకా కర్ర వదలకండి. తగ్గిన నొప్పి మళ్లీ మొదలైనా, ప్లేటు దగ్గర వాపు వచ్చినా, చీము కారినా ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకెళ్లండి. పరికరం వల్లే హాని జరిగిందని అనుమానముంటే వైద్య పరికరాల వల్ల జరిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయమని డాక్టరును అడగండి, ఔషధ నియంత్రణ అధికారులకూ ఫిర్యాదు ఇవ్వండి.