బల్ల మీద కంచం

పోయిన ఆదివారం భోజనాలయ్యాక మా అబ్బాయి ఫోను నా ముందు పెట్టాడు. "ఇతన్ని చూడమ్మా, ఎవరి సాయమూ లేకుండా ఒక్కడే తొక్కేశాడు!" అన్నాడు. తిన్న కంచం బల్ల మీదే ఉంది, మెతుకులు ఎండిపోతూ.

సైకిల్ పందేల గురించి నాకేం తెలుసు? కానీ ఆ వీడియో చూశాక రెండు రోజులు దాని గురించే చదివాను. లాక్లన్ మోర్టన్ అని ఆస్ట్రేలియా అతను. సైకిల్ తొక్కడమే ఉద్యోగం. 2021లో అతని జట్టు టూర్ ద ఫ్రాన్స్ పందెంలో దిగితే, ఇతను అదే రోజు, అదే బ్రెస్ట్ ఊరి నుంచి, అదే దారిలో విడిగా బయల్దేరాడు. పందెం దూరం సుమారు 3,400 కిలోమీటర్లు. ఇవాళ ఒక ఊళ్లో ముగిసిన పందెం రేపు ఇంకో ఊళ్లో మొదలవుతుందిట. ఆ మధ్య దూరం మిగతావాళ్లు బస్సుల్లో, విమానాల్లో వెళ్తే ఇతను అదీ తొక్కాడు. మొత్తం 5,500 కిలోమీటర్ల పైన, 18 రోజుల్లో. పందెంవాళ్లకంటే ఐదు రోజులు ముందే పారిస్ చేరాడు. మోకాలు నొప్పెడితే బూట్లు విప్పేసి చెప్పులతో తొక్కాడు.

మావాడికి ఆ కిలోమీటర్లు నచ్చాయి. నాకు నచ్చింది వేరు. అసలు పందెంలో వాళ్ల వెనక వంటవాళ్లు, మర్దనా చేసేవాళ్లు, మెకానిక్కులు, బట్టలుతికేవాళ్లు ఉంటారు. దారి పక్కన నిలబడి గుడ్డ సంచిలో తిండి అందిస్తారు. ఇతను మాత్రం తిండి తనే కొనుక్కుని, పడుకునే చోటు తనే వెతుక్కున్నాడు.

ఆ గుడ్డ సంచి చూడగానే మా గుమ్మం గుర్తొచ్చింది. ఇంటర్ రెండేళ్లూ కాలేజీ బస్సు హారన్ కొడుతుంటే క్యారేజీ పట్టుకుని పరిగెత్తిన గుమ్మం. షూ లేసులు కూడా కట్టాను, నవ్వకండి. "నువ్వు చదువుకో నాన్నా, మిగతావన్నీ నేను చూసుకుంటా" అన్నది నేనే. ర్యాంకొచ్చింది. "సొంతంగా కష్టపడి తెచ్చుకున్నాడు" అన్నారు బంధువులు. నేనూ అవుననే అన్నాను. అరణ్యవాసంలో పాండవుల పరాక్రమం చెప్పుకుంటాం గానీ, అక్షయపాత్ర పట్టుకుని అందరూ తిన్నాక తిన్న ద్రౌపది సంగతి ఎవరెత్తుతారు?

వచ్చే నెల వాడు పుణేలో ఉద్యోగంలో చేరుతున్నాడు. ఇరవై రెండేళ్లొచ్చాయి, కుక్కర్లో నీళ్లెన్ని పొయ్యాలో తెలియదు. తప్పు వాడిది కాదు. మా అమ్మాయి పదో క్లాసు పరీక్షల్లో కూడా ఆరిన బట్టలు మడతపెట్టింది. అప్పుడు "మిగతావన్నీ నేను చూసుకుంటా" అన్న మాట నా నోటికి రాలేదు. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది.

ఇదే మోర్టన్ 2024లో ఆస్ట్రేలియా చుట్టూ 14,200 కిలోమీటర్లు 30 రోజుల చిల్లరలో తొక్కాడు. ఆసారి వెంట బండి ఉంది, మనుషులున్నారు. ఉన్నారనే చెప్పారు కూడా. సాయం తీసుకోవడం తప్పని నేననను. తీసుకుని కూడా లేదనుకోవడమే నాకు గుచ్చుకుంటోంది.

నిన్న రాత్రి వాణ్ని వంటింట్లోకి పిలిచి బియ్యం డబ్బా చేతికిచ్చాను. "గ్లాసుకి ఎన్నమ్మా?" అని మూడుసార్లు అడిగాడు. అన్నం ముద్దయింది. "వెళ్లేముందు వాడికెందుకే ఈ తిప్పలు, పాపం" అన్నారు మావారు చెయ్యి కడుక్కుంటూ. ఆయన కంచం బల్ల మీదే ఉంది.