అమెరికాలో నిధుల కోత.. హింగోలి లైగోకు దెబ్బేనా? మన విద్యార్థులకు దారేది?

అమెరికా సైన్స్ నిధులకు కత్తెర పడితే హింగోలికి ఏం సంబంధం? సంబంధం ఉంది. గురుత్వ తరంగాలను పసిగట్టే లైగో నిధులను దాదాపు 40 శాతం తగ్గించాలని, రెండు కేంద్రాల్లో ఒకదాన్నే నడపాలని ట్రంప్ సర్కారు 2025 మేలో ప్రతిపాదించింది. తుది నిర్ణయం అక్కడి కాంగ్రెస్‌దే. కానీ మూడో లైగో వచ్చేది మన దేశంలోనే. నిజామాబాద్‌ను ఆనుకుని ఉన్న నాందేడ్ జిల్లా దాటితే హింగోలి.

లైగో ఏం చేస్తుంది?

రెండు కృష్ణబిలాలు ఢీకొంటే అంతరిక్షంలో అలలు పుడతాయి. ‘ఎల్’ ఆకారంలో ఉండే, 4 కిలోమీటర్ల చొప్పున పొడవున్న రెండు గొట్టాల్లో లేజర్ పంపి వాటిని పట్టుకుంటారు. కొలవాల్సిన తేడా ప్రోటాన్ వ్యాసంలో వెయ్యో వంతు కన్నా తక్కువ. దగ్గర్లో లారీ వెళ్లినా యంత్రం అదురుతుంది. అందుకే 3,000 కిలోమీటర్ల దూరంలో రెండు కేంద్రాలు పెట్టారు. రెండింటికీ ఒకే సంకేతం అందితేనే నమ్మకం. 2015 సెప్టెంబర్ 14న తొలి తరంగం దొరికింది అలాగే. ఒకదాన్ని మూసేస్తే ఆ నమ్మకమే దెబ్బతింటుంది.

మనది ఎందుకు?

తరంగం ఏ దిక్కు నుంచి వచ్చిందో తేలాలంటే దూరదూరంగా మరిన్ని కేంద్రాలు కావాలి. 2017 ఆగస్టు 17న ఇటలీలోని విర్గో తోడవడంతో, వెతకాల్సిన ఆకాశం దాదాపు 190 చదరపు డిగ్రీల నుంచి 28కి తగ్గింది. టెలిస్కోపులు కొన్ని గంటల్లోనే ఆ చోటును పట్టేశాయి.

ఎక్కడిదాకా వచ్చింది?

2016 ఫిబ్రవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రూ.2,600 కోట్లతో పూర్తి ఆమోదం వచ్చింది మాత్రం 2023 ఏప్రిల్‌లో. అంటే ఏడేళ్లు ఫైళ్లలోనే గడిచాయి. లక్ష్యం 2030. కీలక పరికరాలు అమెరికా ఇస్తుంది. స్థలం, భవనాలు, వాక్యూమ్ గొట్టాలు, సిబ్బంది మన బాధ్యత. పరికరాలు వచ్చినా, వాటిని బిగించి నడపడం తెలిసిన అక్కడి నిపుణులు చెదిరిపోతే ఇబ్బంది పడేది మనమే.

విద్యార్థులకు ఏముంది?

ఇది ఫిజిక్స్ వాళ్లకే పరిమితం కాదు. లేజర్లు, వాక్యూమ్, కంట్రోల్ సిస్టమ్స్, డేటా విశ్లేషణ తెలిసిన ఇంజినీర్లూ కావాలి. పీహెచ్‌డీలో చేరాలంటే జెస్ట్, నెట్, గేట్ లాంటి పరీక్షలు రాయాలి. కేంద్రం ఇచ్చే జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా రూ.42,000. ఇంటి అద్దె భత్యం అదనం. అయితే ఇది ఉద్యోగం కాదు, గడువున్న ఫెలోషిప్. పీహెచ్‌డీకి అయిదేళ్లు, ఆ పైన తాత్కాలిక పోస్ట్‌డాక్‌లు. పర్మినెంట్ కొలువు దొరికేసరికి ముప్పై దాటడం మామూలే.

ఈ ఏడాది చేరే విద్యార్థి పీహెచ్‌డీ ముగించేది 2030 దాటాకే. యంత్రం అనుకున్న సమయానికి మొదలైతే అతనికి ఇక్కడే పని దొరుకుతుంది. ఆలస్యమైతే మళ్లీ విదేశాల వైపు చూడాల్సిందే. కానీ అక్కడి తలుపులూ ఇప్పుడు మునుపటిలా తెరిచి లేవు.